మూయని ఐదో కిటికీ

ఇబ్రహీంపట్నంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా ఉన్న రేకుల షాపుల్లో ఇశ్రాయేలుది మూడోది. బోర్డు మీద ‘దస్తావేజు లేఖరి’ అని ఉండేది గానీ, రెండు వేల ఆరులో ఆ బోర్డు చదివే తీరిక ఎవరికుంది! ఔటర్ రింగు రోడ్డు వస్తోందన్న మాట పుట్టిన రోజు నుంచి ఊరికి పూనకం పట్టింది. మీర్‌పేట్ నుంచి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి కార్లు వచ్చి సాగర్ రోడ్డు పక్కన బారులు తీరేవి. పొద్దున జొన్నచేనుగా ఉన్నది సాయంత్రానికి ఏదో ఒక ఎన్‌క్లేవ్ అయి కూర్చునేది.

ఆ షాపులో కంప్యూటర్ మహేశ్వరిది. అప్పుడామెకు ఇరవై ఒకటి. డిగ్రీ ఊళ్ళోనే చదివింది, వేళ్ళు చురుకు, నోరు ఇంకా చురుకు. ఇప్పుడు మాదాపూర్‌లో చల్లటి గదిలో రెండు తెరల ముందు కూర్చుంటోంది గానీ, రేకుల కింద ఉడికిపోతూ పనిచేసిన ఆ రెండేళ్ళే ఆమెకు తీపి. రేకు మీద వాన పడితే ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు. ఆ చప్పుడు కోసం ఇప్పటికీ ఆమె ప్రాణం కొట్టుకుంటుంది.

ఇశ్రాయేలు ముప్పై ఏళ్ళు చేత్తో రాసినవాడు. ఆయనకొక పద్ధతి ఉండేది. దస్తావేజు రాయడం అయిపోగానే లేచి నిలబడేవాడు. తూర్పుకు తిరిగి తూర్పు హద్దు చదివేవాడు, పడమరకు తిరిగి పడమర హద్దు, అలాగే ఉత్తరం, దక్షిణం. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఆయనతో పాటు తిరిగేవాళ్ళు. పట్నం నుంచి వచ్చినవాళ్ళకు అదంతా నవ్వులాటగా ఉండేది. రియల్ ఎస్టేట్ రద్దీ పెరిగి రోజుకు ఇరవై దస్తావేజులు పడేసరికి, లేచి తిరిగే ఓపిక ఆయనకూ పోయింది, వినే ఓపిక వాళ్ళకూ పోయింది.

ఆ పద్ధతిని మహేశ్వరి కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎవరో స్నేహితురాలు ఇచ్చిన సీడీలో ఒక టెక్స్ట్ ఎడిటర్ దొరికింది. చూడ్డానికి బోసిగా ఉండేది గానీ, చెప్పింది నేర్చుకునే రకం. నాలుగు ముక్కలు ప్రోగ్రాం రాసిపెడితే, ఒక్క మీట నొక్కగానే తెర నాలుగు కిటికీలుగా విడిపోయేది. కుడివైపు తూర్పు, ఎడమవైపు పడమర, పైన ఉత్తరం, కింద దక్షిణం. వరసగా టైపు చేసిన హద్దులను ప్రోగ్రాం ఒక్కొక్కటే తీసుకుని, ఒక్కో కిటికీలోకి వెళ్ళి పెట్టి వచ్చేది. తెర మీద ఎన్ని కిటికీలు కనబడినా కర్సర్ ఉన్నదే ఎంచుకున్న కిటికీ, ఏం రాసినా అందులోనే పడుతుంది. ఆ కర్సర్‌ను చేత్తో కదపకుండా దానంతటదే తిరిగేలా చేసినందుకు మహేశ్వరి వారం రోజులు నేల మీద నడవలేదు.

“నా నడుముకు పని తప్పించినవ్ బిడ్డా,” అన్నాడు ఇశ్రాయేలు. ఆ మెచ్చుకోలులో కొంచెం దిగులుందని ఆమెకు అప్పుడు తెలియలేదు.

శ్రావణంలో ఒక సోమవారం జంగమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగి కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆపరేషన్ కోసం ఉన్న రెండెకరాల్లో పడమటి ఎకరం అమ్ముతోంది. కొంటున్నది మీర్‌పేట్‌లో స్థిరపడ్డ వీరరాఘవులు, ఆయన భార్య రత్నమాల. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళు, మర్యాదస్తులు.

“తూరుపు చెక్కల బాయి ఉన్నది బిడ్డా. మా ఆయన సొంతంగ తవ్విండు. ఆయన సమాధి గుడ గాడనే ఉన్నది. బాయి నాది. తొవ్వ నాది. గవి మాత్రం పోవద్దు,” అంది జంగమ్మ. ఒకసారి కాదు, మూడుసార్లు.

“పోదు అవ్వా. ఫికర్ చెయ్యకు. ఇగో, రాసిపెట్టుకుంటున్న,” అని మహేశ్వరి ఐదో కిటికీ ఒకటి చిన్నగా తెరిచింది. జంగమ్మ చెప్పిన మాటలు చెప్పినట్టే కొట్టింది: ‘బాయి నాది. తొవ్వ నాది.’ తొవ్వంటే బావికి వెళ్ళే దారి. ఫైలుగా దాచింది. కిటికీ మూసేసింది. మీట నొక్కింది, ప్రింటు తీసింది, చూడకుండానే స్టాంపు కాగితాలు కుట్టేసింది. సర్వే నంబరు రెండు చెక్కలకూ, అంటే అమ్మే ఎకరానికీ ఉంచుకునే ఎకరానికీ, ఒకటే. ఏ చెక్క ఎవరిదో చెప్పేవి ఆ నాలుగు హద్దులే.

ఇశ్రాయేలు ఎదురుగా ఆఫీసులో వరసలో నిలబడి ఉన్నాడు. వీరరాఘవులు గడియారం చూసుకుంటున్నాడు. మహేశ్వరి కాగితాలు జంగమ్మ ముందు పెట్టి ఇంకు డబ్బా తెరిచింది.

జంగమ్మ వేలు చాపలేదు. “సదువు,” అంది.

“అంత సరిగ్గనే ఉన్నది అవ్వా.”

“ఇశ్రాయేలన్న లేసి నిలవడి సదువుతడు. ఈ భూమి కొన్ననాడు గుడ గట్లనే సదివిండు. సదివినంకనే ఏలు పెడ్త.”

మహేశ్వరికి ఒళ్ళు మండింది. పది మంది బయట కూర్చున్నారు. అయినా ముసలామె చేతిలో కర్రా, ముఖంలో పట్టుదలా చూసి విసురుగా లేచింది. గుమ్మం వైపు, అంటే తూర్పుకు తిరిగింది.

“తూర్పు: వీరస్వామి చేను.”

“ఏంది?” అంది జంగమ్మ. “వీరస్వామి తూరుపున యాడున్నడు? ఆయన చేను దక్షిణం గాదా?”

మహేశ్వరి కాగితం మళ్ళీ చూసుకుంది. వెనక్కి తిరిగింది. “పడమర: అమ్మేవారికి మిగిలిన భూమి.”

జంగమ్మ కర్ర ఊతంగా నిలబడి తన చేను ఉన్న వైపు చూసింది. చదువు రాని మనిషికి ఆ లెక్క క్షణంలో అందింది. అమ్మిన ముక్కకు పడమట తన భూమి మిగిలిందంటే, అమ్మింది తూర్పు చెక్క.

“అంటే బాయి పోయినట్టేనా బిడ్డా?” అంది మెల్లగా.

మహేశ్వరి కుర్చీలో కూర్చుని తెర వైపు తిరిగింది. జరిగింది ఏమిటో రెండు నిమిషాల్లో తెలిసింది. ఐదో కిటికీ మూసినప్పుడు కర్సర్ తూర్పు కిటికీకి తిరిగి రాకుండా పక్కనున్న పడమర కిటికీలోకి దూకింది. ఆమె రాసిన ప్రోగ్రాంకు దిక్కులు తెలియవు. కర్సర్ ఎక్కడుంటే అక్కడి నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టుకుంటూ పోవడమే తెలుసు. తూర్పుది పడమరలో పడింది, పడమరది ఉత్తరంలో, ఉత్తరానిది దక్షిణంలో, దక్షిణానిది తూర్పులో. ముసలామె బావిని కాపాడాలని తెరిచిన కిటికీయే ఆ బావికి ఎసరు పెట్టింది.

రత్నమాల ముందుగా తేరుకుంది. “పెద్దమ్మగారూ, మీరు అడగకపోతే మేమూ సంతకాలు పెట్టేసేవాళ్ళమండీ. పరాయి బావి మాకొద్దు,” అంది. వీరరాఘవులు గడియారం చూసుకోవడం మానేశాడు.

ఇశ్రాయేలు వచ్చేసరికి మహేశ్వరి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. దాచకుండా అంతా చెప్పింది. ఆయన తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ ఆయన స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు.

“నీ కంప్యూటర్ లెక్కవెట్టుకుంట పోతదా?”

“అవ్ సార్.”

“ఊర్ల ఎవరన్న గట్ల పోతరా బిడ్డా? నాలుగో ఇల్లు అనుకుంట పోతే, నడుమల ఒగడు కొత్తిల్లు కడితే ఏం గావాలె? పేరు వెట్టి పిలువాలె.”

హద్దులు సరిచేసి మళ్ళీ చదివి వినిపించాకే జంగమ్మ వేలు పెట్టింది. ఆ మధ్యాహ్నమే మహేశ్వరి ప్రోగ్రాం తిరగరాసింది. ప్రతి కిటికీకి దాని దిక్కు పేరే పెట్టింది. కర్సర్ ఎక్కడున్నా సరే, తూర్పును తూర్పు అనే పిలుస్తుంది. పని అయ్యాక బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఒక్కో కిటికీ దగ్గర మనిషి మీట నొక్కేదాకా ఆగుతుంది కూడా. ఆ ఆగడం లేచి, తిరిగి, చదవడానికి.

“గా చిన్న కిటికీ మాత్రం మూయకు,” అన్నాడు ఇశ్రాయేలు. “అందరినీ అడుగు. ఏది మిగలాలె అని.”

అప్పటి నుంచి ఆ షాపులో దస్తావేజుకు ఐదు కిటికీలు. అమ్ముకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ మహేశ్వరి అడిగేది. ఒకరు తొవ్వ అనేవారు, ఒకరు పశువుల కొట్టం అనేవారు. ఒకాయన చాలాసేపు ఆలోచించి, “ఏం లేదు బిడ్డా,” అని తల దించుకున్నాడు. ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత ఆమెకు సిటీలో ఉద్యోగం వచ్చింది. రోడ్డు వెడల్పులో రేకుల షాపులు పోయాయి. ఏడేళ్ళ తర్వాత ఒక ఆదివారం పొద్దున, ఇశ్రాయేలుకు చూపు పూర్తిగా పోయిందని విని మహేశ్వరి ఆయన ఇంటికి వెళ్ళింది. ముచ్చట్లు అయ్యాక, సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి పాత ప్రోగ్రాం నడిపింది.

“సార్, జంగమ్మ దస్తావేజు. చదవాల్నా?”

ఆయన చేతికర్ర వెతుక్కుని లేచాడు. ముఖం మీద పడే ఎండను బట్టి, ఎవరూ చెప్పకుండానే తూర్పుకు తిరిగాడు. ఆమె కూడా లేచి తిరిగి చదివింది.

“తూర్పు: అమ్మేవారికి మిగిలిన భూమి.” తిరిగారు. “పడమర: కిష్టా చేను.” ఇప్పుడక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. “ఉత్తరం: బండ్ల బాట.” అది నాలుగు లైన్ల రోడ్డు. “దక్షిణం: వీరస్వామి చేను.” అది గేటూ వాచ్‌మనూ ఉన్న కాలనీ. ఆ సంగతులేవీ ఆమె పైకి చెప్పలేదు.

“ఐదోది?” అన్నాడాయన.

“బాయి నాది. తొవ్వ నాది.”

ఇశ్రాయేలు ఆమె గొంతు వైపు తిరిగాడు. “ఉన్నదా బాయి?”

“ఉన్నది సార్. వచ్చేటప్పుడు చూసే వచ్చిన. చుట్టూ ఇండ్లొచ్చినయ్, నడుమ బాయి ఉన్నది. జంగమ్మ గట్టు మీద కూసొని ఉన్నది.”

ఆయన మెల్లగా తడుముకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. ఏడేళ్ళుగా అడగాలనుకుని అడగలేకపోయిన మాట మహేశ్వరి అప్పుడు అడిగింది.

“మీకేది మిగలాలె సార్? చెప్పున్రి, ఐదో కిటికీల రాస్త.”

“కొత్తగ రాసుడెందుకు బిడ్డా,” అన్నాడు ఇశ్రాయేలు. “జంగమ్మ మాటున్నది గద, గదే ఉండనియ్యి.”