ఇంటిపెద్ద చెప్పిన పదిహేను నిమిషాలు

"ఏమోయ్ మా ఆవిడా, టీ ఇవ్వవా?" అన్నాడు కయీవా, కుర్చీలో వెనక్కి వాలి.

కయీవా నా మొగుడు కాదు. నీళ్ల సర్వే జట్టులో నాతో సమానంగా పనిచేసే మనిషి. మా ఆయనదీ అతనిదీ ఒకే వంశం కాబట్టి, ఉగాండాలో మా బుగాండా వాళ్ల పద్ధతిలో అతను నన్ను అలా పిలవొచ్చు. నేను మోకాళ్లు వంచి కప్పు అందించాలి. కంపాలాలో, ఆఫీసు నాలుగో అంతస్తులో కూడా వంచుతాను. వంచకపోతే సాయంత్రానికల్లా మా అత్తగారికి తెలిసిపోతుంది. "నా కొడుకు మోకాళ్లు లేని పిల్లని తెచ్చుకున్నాడు" అని చర్చి దగ్గర అందరికీ చెప్తుంది.

ఆ రోజు జట్టులో ఒకరి పని గురించి ఒకరు ఎదురుగా చెప్పుకునే రోజు. మా జట్టు పెద్ద బిరుంగి మేడం పెట్టిన నియమం ఒక్కటే. మనిషిని అనకూడదు, చేసిన పని చెప్పాలి, దాన్ని ఎలా బాగుచేయాలో చెప్పాలి. ముందు కయీవా నా గురించి చెప్పాడు. "నబులిమె మా అందరికీ అమ్మలాంటిది. కాస్త నవ్వుతూ ఉంటే ఇంకా బాగుంటుంది." అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. రెండేళ్లుగా అతని పట్టికల్లో తప్పులు దిద్దుతున్నందుకు నాకు దొరికిన సలహా అది.

తర్వాత నా వంతు. బుసాంబ ఊళ్లో నీళ్లు తేవడానికి పదిహేను నిమిషాలు చాలని కయీవా రాసుకొచ్చాడు. ఆ అంకెతో ఆ ఊరు కొత్త బోర్ల జాబితాలోంచి ఎగిరిపోయింది. జాబితా రేపే పైకి వెళ్తుంది. అతని కాగితాలు తిరగేస్తే, జవాబు చెప్పిన నలభై మందీ మగవాళ్లే. మా దగ్గర గుమ్మంలోకి వచ్చినవాళ్లు మాట్లాడేది ఇంటిపెద్దతోనే, అందుకే అతనికి అది తప్పని తోచనే లేదు. పొద్దున వీధి కుళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్ల డబ్బా దింపి ఈ సంగతి చెప్తే, మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మనవాడే కదా, నలుగురిలో పరువు తీయకు. ఏదో మంచిమాట చెప్పి కూర్చో" అన్నాడు. పెళ్లయిన పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది అదే కదా! నాకు భయమేసింది. దానికి మించి ఒళ్లు మండింది.

"కయీవా గారూ, ఎండలో నలభై ఇళ్లు తిరిగారు, ఒక్కటీ వదల్లేదు. కానీ మీరు అడిగింది మగవాళ్లని. నీళ్లు మోసేది ఆడవాళ్లు. ఆ పదిహేను నిమిషాల్ని నమ్మి ఊరిని కొట్టేయలేం. జాబితా ఆపి, ఈసారి వాళ్లని అడుగుదాం. మీతో నేనూ వస్తాను."

కయీవా మొహం మాడిపోయింది.

"ఇంటిపెద్దకి ఇంటి సంగతి తెలియదంటావా? ఉండు, ఇప్పుడే మీ ఆయనకి ఫోన్ చేస్తా" అంటూ ఫోన్ తీశాడు.

బిరుంగి మేడం ఏదో అనబోయారు. నేను చెయ్యెత్తి ఆపాను.

"చెయ్యండి. అందరికీ వినపడేలా పెట్టండి. మా ఇంటికి పొద్దున నీళ్లు తేవడానికి ఎంతసేపు పడుతుందో ఆయన్నే అడగండి. ఇన్నేళ్లుగా మోస్తున్నదాన్ని, ఆయనేం చెప్తారో నాకూ వినాలనుంది."