పరుగయ్యాక

మా ఇతెన్ ఊరి ఎర్రమట్టి ఊరికే వదలదు. బూటు అడుగున అంటుకున్నదాన్ని పుల్లతో గీకాలి. పైన పట్టినదాన్ని నానబెట్టి పాత పళ్ల బ్రష్‌తో రుద్దాలి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది కాబట్టి నీడలో బోర్లించాలి. పెళ్లైన కొత్తలో మా ఆయన కిమైయో బూట్లు ఇలా ఉతుకుతూ పాటలు పాడుకునేదాన్ని. కొత్తలో అంటే ఎప్పుడో కాదు, మూడు నెలల క్రితం. శనివారం మధ్యాహ్నం అతను పరుగు శిక్షణ క్యాంపు నుంచి వచ్చేవాడు. భుజాన మాసిన బట్టల సంచి, చేతిలో నాకోసం కాగితంలో చుట్టిన రెండు మందాజీలు, నూనెలో వేయించిన తీపి రొట్టెలు. అవి చల్లారిపోయి ఉండేవి, ఒకటి కొరికి కూడా ఉండేది. "దారిలో ఆకలేసిందే, ఏం చేయను" అని నవ్వేవాడు. అతను కొరికిన చోటు నుంచే తినేదాన్ని. అంత పిచ్చి నాకు. ఇప్పటికీ ఉంది, దాచుకోవడం ఎందుకు.

అతను పరిగెడతాడు, నేనూ పరిగెడతాను. ఎల్డొరెట్ కాలేజీలో మేం కలిసిందే పరుగులో. ఎదురుగాలి తగలకుండా నా ముందు పరిగెత్తేవాడు, నేను ఆ వీపు చూసి ప్రేమలో పడ్డాను. పెళ్లిలో వాళ్ల చిన్నాన్న లేచి "ఒకే ఇంట్లో ఇద్దరు మారథాన్ వీరులు!" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని నేను కూడా నమ్మేశాను. పెళ్లైన వారానికే అతను క్యాంపుకి వెళ్లిపోయాడు. మా వైపు అందులో వింతేం లేదు, ఎంత కొత్త పెళ్లికొడుకైనా ఆరు రోజులు క్యాంపులోనే ఉంటాడు. పొద్దున పరిగెడతాడు, వంటమనిషి పెట్టింది తింటాడు, పడుకుంటాడు, సాయంత్రం పరిగెడతాడు, మళ్లీ పడుకుంటాడు. నిద్ర సగం శిక్షణ అంటారు. అది నిజమే. క్యాంపు ముందు గట్టిగా మాట్లాడితే ఊళ్లో పెద్దవాళ్లు కూడా ఉష్ అంటారు.

నేను నాలుగున్నరకి లేస్తాను. మూడు ఆవుల పాలు పితికి, టీ కాచి, ఆరింటికల్లా కూడలి దగ్గర కోచ్ చెలాంగా దగ్గర శిక్షణ తీసుకునే అమ్మాయిలతో కలుస్తాను. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఆగరు. తొమ్మిదింటికి చెమటతో ఇంటికొస్తే నీళ్లు, పొలం, మొక్కజొన్న పిండితో ఉగాలి ముద్ద, గిన్నెలు. ముర్సిక్ పెరుగు పోసే సొరబుర్ర లోపల కాల్చిన పుల్లతో రుద్ది, పొగ వాసన పట్టించాలి. అది నేను చేస్తేనే బాగుంటుందట, అత్తయ్య పదిమందిలో చెబుతుంది. ఆ మెచ్చుకోలుకి పొంగిపోయి రెండు బుర్రలు తోమే చోట నాలుగు తోమాను. ఎప్పుడైనా గుమ్మంలో నడుం వాలిస్తే చాలు, "కూర్చున్నావేంటమ్మాయ్, ఒంట్లో బాగాలేదా?" అంటుంది. కోపంగా కాదు, నిజంగానే కంగారుపడి అడుగుతుంది. కోడలు కూర్చుందంటే జబ్బు చేసినట్టే ఆ ఇంట్లో.

మొన్న శుక్రవారం కిమైయో వాళ్ల వైపు ఆడవాళ్లందరూ కొత్త కోడల్ని చూడ్డానికొచ్చారు. ముప్పై రెండు మంది. మధ్యాహ్నం నుంచి ఆవులు ఇంటికొచ్చేదాకా నిలబడి టీలు అందించాను. ఒకావిడ వంగి నా పిక్క నొక్కి చూసింది.

"ఒసే, ఇవి ఆడదాని కాళ్లేనా? నాగలికి కట్టొచ్చు!"

"ఇలా గంతులేస్తుంటే కడుపెలా నిలుస్తుందే తల్లీ?" అని ఇంకొకావిడ.

"ఈ ఏడాది మాత్రమే పరుగు. ఆ తర్వాత మానేస్తుంది" అంది అత్తయ్య, నన్ను కాపాడుతున్నాననుకుని. నేను నవ్వుతూ కప్పులు నింపాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా దవడలు నొప్పి పెడుతున్నాయి.

మర్నాడు ముప్పై ఐదు కిలోమీటర్ల పరుగు. మొదటి ఇరవై ఎంత బాగున్నాయో! లోయలో మంచు పాలమీగడలా పేరుకుని ఉంది, పక్కనే నా స్నేహితురాలు ప్రిస్కా ఊపిరి, మా నలుగురి ఎనిమిది పాదాల చప్పుడు ఒకటే చప్పుడై వినిపించింది. అటువంటప్పుడు నాకు పేరుండదు, ఇల్లుండదు, ఉత్త ఆనందం ఉంటుంది. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. ఆయాసం కాదు, నొప్పి కూడా కాదు, రమ్మంటే రాలేదు. రోడ్డు పక్క మట్టిలో కూలబడ్డాను.

"లేవే మహాతల్లీ, బంగాళాదుంపల లారీ కూడా నిన్ను దాటేసింది" అంది ప్రిస్కా. నా మొహం చూసి నవ్వు ఆపేసి ముందుకెళ్లింది. వెళ్లాలి కూడా, అది నియమం.

కోచ్ మోటార్‌సైకిల్ ఆపాడు. నన్ను తిట్టలేదు.

"నిన్న పరుగయ్యాక ఏం చేశావ్?"

చెప్పాను.

"మొన్న?"

అదీ చెప్పాను. ఆయన హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. "అక్టోబరు మారథాన్‌కి ఇద్దరినే పంపగలను. ఒకరు ప్రిస్కా. రెండోది నువ్వనుకున్నాను. నీ కాళ్లకేం కాలేదు, నీకు నిద్ర లేదు. క్యాంపులో ఆడపిల్లల గదిలో ఒక మంచం ఖాళీగా ఉంది. రేపు పొద్దుగూకేలోగా పరుపు తెచ్చుకుని వచ్చెయ్. లేకపోతే సోమవారం ఇంకొకరికిచ్చేస్తా."

"ఇంట్లో అడిగి చెబుతాను కోచ్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే ఒళ్లు మండింది. క్యాంపుకి వెళ్లేముందు కిమైయో ఇంట్లో ఎవర్ని అడిగాడు? రెండు జతల బట్టలు మడిచి పెట్టమని నన్ను అడిగాడు, అంతే.

మధ్యాహ్నం మందాజీలతో వచ్చిన మనిషికి విషయం చెప్పాను. పకపకా నవ్వి నా జడ లాగాడు.

"మూడు నెలలకే నన్నొదిలేసి పోతావా?"

"వారంలో ఆరు రోజులు నువ్వు ఇక్కడ ఉండవు కిమైయో."

"నేను వెళ్లేది మనకోసం కదే!"

"నేను వెళ్లేది ఎవరికోసం?"

పాల డబ్బాతో గుమ్మం దాటుతూ అత్తయ్య అందుకుంది. "ఆవుల్ని కూడా క్యాంపుకి తోలుకుపోతావా అమ్మాయ్? మీ ఆయన శనివారం ఇంటికొస్తే ఎవర్ని చూసుకోవాలి, నన్నా?"

కిమైయోకి తగవంటే పడదు. మంచివాడు, అదే నా చావు. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, గీతలు గీసి, నాకు శిక్షణ పట్టిక రాసిచ్చాడు. 'పది నుంచి పన్నెండు: పూర్తి విశ్రాంతి' అని ఎర్ర పెన్నుతో రాసి కింద రెండు గీతలు కూడా పెట్టాడు. "చూశావా? ఇంట్లోనే క్యాంపు!" అని గోడకి అంటించాడు. ఆ అక్షరాలు ఎంత ముద్దుగా ఉన్నాయో! ఒక్క పూట నమ్మాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, సరిగ్గా పదింటికి పడుకున్నాను. పది దాటి పావుగంటకి బయట నుంచి కిమైయో కేక.

"జెబివోత్! టీ ఉందా?"

పడుకునే ఉన్నాను. తలుపు తోసి చూశాడు. "నిద్రపోతున్నావా? పడుకో, పడుకో. ఆ టీ ఒక్కటి పెట్టేసి పడుకో. సాయంత్రం క్యాంపుకి వెళ్లాలి, బట్టలు కూడా ఇంకా తడిగానే ఉన్నట్టున్నాయి." ఇదంతా అంటున్నవాడి తల వెనక గోడమీద అతని ఎర్ర పెన్ను రాత ఉంది. అతనికి తన రాత తనకే కనపడలేదు. నాకు కోపం అరికాళ్ల నుంచి లేచింది. అరవలేదు. ఎన్నాళ్లుగానో మోస్తున్న కోపం అది, అరిచి ఖర్చుపెట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు.

లేచి టీ పెట్టాను. బట్టలు ఆరేశాను. తర్వాత వంటింటి కత్తికి సాన పట్టి గదిలోకి వెళ్లాను.

మా పరుపు ఐదడుగుల వెడల్పు, పువ్వుల గలీబు, కాలేజీ స్నేహితులంతా కలిసి పెళ్లికి కొనిచ్చింది. మొదటి రాత్రి ఇద్దరం దానిమీద పిల్లల్లా ఎగిరాం. గలీబు విప్పి, తాడుతో కొలిచి, బొగ్గుముక్కతో నిలువునా గీత గీసి కోయడం మొదలుపెట్టాను. స్పాంజి రొట్టెలా తెగింది. చప్పుడుకి కిమైయో పరిగెత్తుకొచ్చాడు.

"నీకు పిచ్చి పట్టిందా? అది మన పెళ్లి పరుపే!"

"ఆరు రోజులూ దానిమీద పడుకునేది నేనొక్కదాన్నే. కిటికీ వైపు ముక్క నీకే ఉంచాను, నీకు గాలి ఇష్టం కదా."

"అందరూ ఏమనుకుంటారు జెబివోత్? నా పెళ్లాం..."

"ఆవులకి నాలుగున్నరకి తిండి పెట్టాలి. ఎర్రావు ఎడమ పక్క నుంచి పితికితేనే పాలిస్తుంది. ఎవరు పితుకుతారో మీరూ అత్తయ్యా మాట్లాడుకోండి."

కోపంలో మొదటిసారి అతన్ని మీరు అన్నాను. అతను మంచం అంచున కూర్చుండిపోయాడు. అంతమంచి మొహం అలా వాడిపోతే చూడలేక, కత్తి కింద పెట్టి ఒక్క ముద్దు పెట్టాను. ముద్దు పెట్టినా కోపం తగ్గలేదు. రెండూ ఒకే ఒంట్లో ఉండగలవని ఆ పూటే తెలిసింది.

సగం పరుపు చుట్టి, తాడు కట్టి, తలమీద పెట్టుకున్నాను. దూదిపింజంత బరువు. వాకిట్లో అత్తయ్య అడ్డంగా నిలబడింది. ఆవిడ కళ్లలో నీళ్లు, నిజమైన నీళ్లే.

"వచ్చే శుక్రవారం మా పుట్టింటి వాళ్లు నిన్ను చూడ్డానికొస్తున్నారు. కొత్త కోడలేదని అడిగితే నేనేం చెప్పను?"

"నిద్రపోతోందని చెప్పండి, అత్తయ్యా."