ఏడు చుట్ల తోవ

బుధవారం నాడు గనిలోకి దిగిన గ్లోరియా గంట తిరగకముందే పైకి వచ్చేసింది. గోదావరిఖనిలో ఇలాంటి సంగతులు మనిషికంటే ముందే ఇల్లు చేరతాయి. ఆమె షేర్ ఆటో దిగేసరికి తల్లి లిడియా క్వార్టర్ గుమ్మంలో నిలబడి ఉంది.

"లైట్లు బంద్ చేస్తే ఉరికొచ్చినవట?"

గ్లోరియా లోపలికి వెళ్లి చెంబెడు నీళ్లు తాగింది. ఉరికి వచ్చిన మాట నిజమే. మైనింగ్ డిప్లొమా చదివి, సూపర్‌వైజర్ శిక్షణకు ఎంపికైన ముగ్గురు ఆడపిల్లల్లో ఆమె ఒకతె. లోపల మూడో మలుపు దగ్గర షిఫ్టు పని చూసే ఓవర్‌మన్ సదయ్య అందరి టోపీ దీపాలూ ఆర్పించాడు. గని చీకటి ఎలా ఉంటుందో కొత్తవాళ్లకు ఒక్క నిమిషం తెలియాలని అలా చేయిస్తారు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే చీకటి. పైనున్న నేలంతా తన నెత్తిమీదే ఆగినట్టు అనిపించింది గ్లోరియాకు. దీపం వెలిగించుకుని, ఎవరికీ చెప్పకుండా వెనక్కి తిరిగింది. నడక కాస్తా పరుగయింది.

మేనేజరు కోప్పడలేదు. "సోమవారం ఫస్ట్ షిఫ్టులో దిగమ్మా. కాదంటే పైన ఆఫీసు పనికి కాగితం రాసియ్యి," అన్నాడు. అంత మర్యాదగా అన్నందుకే ఆమెకు ఎక్కువ బాధేసింది. ఆ కాగితం రాస్తే ఇక గని పని ఉండదు. కాలేజీలో మూడేళ్లు, ఆడపిల్లకు గనెందుకు అన్న ప్రతివాళ్లతోనూ వాదించింది ఆ పని కోసమే.

తండ్రి శాంతిరాజ్ ముప్పయ్యొక్క ఏళ్లు గనిలో పనిచేసి నిరుడే రిటైరయ్యాడు. కూతురు వైపు చూశాడు గానీ ఏమీ అనలేదు. సాయంత్రం ఎదురింటి పోశవ్వ వచ్చింది. కాలనీ వాళ్లంతా కాన్పుకు దవాఖానకు పోవడం మొదలుపెట్టక ముందు ఆమే మంత్రసాని. గ్లోరియాను బయటికి తీసిన చేతులు ఆమెవే.

"నీ బిడ్డకు మందులొద్దు లిడియా. సున్నం ఉన్నదా?"

కాన్పు కష్టమైనప్పుడు పోశవ్వ పళ్లెంలో పిండి పరిచి, ఏడు చుట్ల తోవ గీసేది. నొప్పులు పడుతున్న మనిషి చేత ఆ తోవ వెంట వేలు నడిపించేది. అందులో చీలికలు ఉండవు, మూసుకుపోయే సందులు ఉండవు. ఉన్నది ఒకటే తోవ. దాని వెంట నడిబొడ్డుకు చేరడం, దాని వెంటే బయటికి రావడం. వేలు నడుస్తుంటే ఊపిరి కుదుటపడేది.

"నీ కాన్పుకు గీసింది గదే. యాదికున్నదా?"

"యాదికున్నదవ్వా. గాని మేం ముగ్గులెయ్యం గద. పాస్టరయ్య చూస్తె ఏమంటడో."

"గిది ముగ్గెట్లయితదే? ముగ్గు మీదికెళ్లి ఎవలన్న నడుస్తరా? గిది తోవ. వేలుకు బదులు కాళ్లతోని నడుస్తది, గంతే."

గురువారం పొద్దున క్వార్టర్ల వెనక వాలీబాల్ కోర్టులో గీత మొదలైంది. పోశవ్వ కర్రతో చూపిస్తుంటే గ్లోరియా వంగి సున్నం పోసింది. గీతకూ గీతకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. రెండు గంటలు పట్టింది.

"ఎన్ని అడుగులని లెక్కబెట్టకు. ఎప్పుడొడుస్తదని చూడకు. పో," అంది పోశవ్వ.

గ్లోరియా పోయింది. మూడు మలుపులు తిరిగేసరికి నడిబొడ్డు చేయి చాస్తే అందేంత దగ్గరికి వచ్చింది. ఇంకేముంది, అయిపోయిందనుకుంది. అంతలో తోవ మెలికపడి ఆమెను మళ్లీ అన్నిటికంటే బయటి చుట్టుకు తోసేసింది. ఎక్కడో తప్పు గీశామనుకుంది. చుట్టూ ఆరుబయలు, నెత్తిన ఎండ, అయినా బుధవారం నాటి ఊపిరాడనితనమే తిరిగి వచ్చింది. గీతలన్నీ దూకి బయటపడింది.

పోశవ్వ పకపకా నవ్వింది. "మీ అమ్మ గిట్లనే చేసింది. మూడుసార్లు వేలు తీసింది, మూడుసార్లు నన్ను తిట్టింది. నాలుగోసారికి నువ్వొచ్చినవ్. నడువు, మళ్ల మొదటికెళ్లి."

శుక్రవారం రెండుసార్లు నడిచింది. దూరం తోసినా అది దగ్గరికి తెచ్చే తోవేనని కాళ్లకు అర్థం కావడం మొదలైంది. శనివారం శాంతిరాజ్ కూడా వెనక నడిచాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి తలెత్తి పైకి చూస్తున్నాడు.

"ఏంది శాంతిరాజూ, ఆకాశం కూలుతదా?"

"అలవాటవ్వా. గనిల పైకప్పు చూడనిదే అడుగు పడదు." తర్వాత కూతురితో మెల్లగా అన్నాడు. "నేను దిగిన మొదట్ల ఎనిమిది దినాలు వాంతులు చేసుకున్న బిడ్డా."

"మరి ఎప్పుడు చెప్పలేదేంది నాయినా?"

"నువ్వెప్పుడన్న అడిగినవా?"

ఆదివారం ప్రార్థన ముగించుకుని తండ్రీకూతుళ్లు కోర్టుకు వెళ్లేసరికి, డ్యూటీ దిగిన మనుషులు నలుగురు టిఫిన్ డబ్బాలతో తోవ ముందు నిలబడి ఉన్నారు. గ్లోరియా నడక ముచ్చట వాళ్లదాకా పోయింది, చూద్దామని వచ్చారు. కానీ ఒక్కరూ లోపల అడుగుపెట్టలేదు. తోవ మొదట్లో రెండు కట్టెలు అడ్డంగా, ఒకదాని మీద ఒకటి కట్టి ఉన్నాయి.

గ్లోరియా కూడా రెండడుగుల ముందే ఆగిపోయింది.

గనిలో పైకప్పు బాగాలేని చోట దారికి అడ్డంగా అలాగే రెండు కట్టెలు కడతారు. అది చూశాక మేనేజరైనా దాటడు.

"చెల్లె, లోపల పైకప్పు ఖరాబున్నదా ఏంది?" అన్నాడు పక్క వీధి కిషన్. అడిగాక అతనే ఆకాశం వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. అందరూ గొల్లున నవ్వారు.

పోశవ్వ కొంగు సర్దుకుంటూ వచ్చింది. "మేకలు తొక్కుతున్నయని నేనే పెట్టిన. మీరెందుకాగిన్రు?"

"మేకలకంటె బుద్ధిమంతులమవ్వా మేము!" అన్నాడు వాళ్లలో ఒకడు.

"గది సరే గాని, ఈ పొల్లెందుకు ఆగింది?" అని అడిగాడు కిషన్.

గ్లోరియా తన కాళ్లవైపు చూసుకుంది. ఆగమని తను చెప్పలేదు, అవే ఆగాయి. అప్పుడు బుధవారం సంగతి కొత్తగా గుర్తొచ్చింది. ఆ పరుగులో పక్కదారులు నాలుగు తగిలాయి. ఒక్కదానిలోకీ పోలేదు. బయటి చల్లగాలి ముఖానికి తగిలే దారినే పట్టుకుని సూటిగా పైకి వచ్చింది. అంత భయంలోనూ పని తెలిసిన మనిషిలాగే నడిచింది తను.

"నాయినా, నేను దారి తప్పలేదే ఆ రోజు," అంది.

"అందుకే నేనేమనలె," అన్నాడు శాంతిరాజ్. "భయపడనోన్ని నా పక్కన ఎన్నడు పనిచెయ్యనియ్యలె. వాడే పక్కోన్ని చంపుతడు. నీ భయం మంచిగనే ఉన్నది. దాన్ని నడిపించుడు నేర్చుకో."

గ్లోరియా కట్టెలు విప్పి పక్కన పెట్టి లోపలికి నడిచింది. వెనకే కిషన్, అతని వెనక మిగతావాళ్లు, షిఫ్టుకు పోతున్నట్టే వరసకట్టారు. ఈసారి తోవ బయటికి తోసినప్పుడు ఆమె నవ్వుకుంది. నడిబొడ్డులో మాత్రం చిక్కొచ్చింది. ఇద్దరు పట్టే చోటికి అయిదుగురు చేరి, ఒకరి డబ్బా ఒకరికి తగిలి, ఎవరు తిరగాలో తెలియక తోసుకున్నారు.

"ఆగున్రి!" అంది గ్లోరియా. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "కిషనన్నా, నువ్వు ఎడమకు జరుగు. చివరిగ వచ్చినోళ్లు ముందు తిరుగున్రి. ఒక్కొక్కలు."

వాళ్లు ఆమె చెప్పినట్టే తిరిగారు.

సోమవారం ఫస్ట్ షిఫ్టులో తొమ్మిదిమందితో కలిసి ఆమె దిగింది. మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి అడుగు నెమ్మదించింది. సదయ్య గమనించి దగ్గరికి వచ్చాడు.

"వాపస్ పోతవా బిడ్డా? చెప్పు, ఎవ్వలేమనరు."

"పోను సార్. భయమైతుంది. గాని నడుస్త."

సదయ్య ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి పక్కకు జరిగాడు.

"అయితే ముందు నువ్వు నడువు. వీళ్లు నీ వెనక వస్తరు."

గ్లోరియా ముందుకు వచ్చింది. కాలు ముందు కాలు వేస్తూ, తన ఊపిరికి సరిపడే వేగంతో మలుపు తిరిగింది. వెనక తొమ్మిది జతల బూట్లు అదే వేగాన్ని అందుకున్నాయి.