మునిగిన కపిల బావి

మదనపల్లెలో టమోటా మండీ నడుపుతా, ఒక్క కాయల బాక్సు కూడా సొంతంగా ఎత్తి ఎరగని వరుణ్, పుదుచ్చేరికి మూడు దినాలు పోయొచ్చి, నేనిప్పుడు స్కూబా డైవర్ని అని ఊరంతా చెప్పుకొని తిరుగుతా ఉంటే, ఆయన పెండ్లాం దీపకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మూడు దినాల్లో ఒక దినం వాన. ఇంకో దినం ఈయనకు కడుపునొప్పి. మిగిలిన ఒక్క దినం సముద్రంలో ముప్పావు గంట మునిగి లేచినాడంట. దానికొక సర్టిఫికెట్టు. దాన్ని ఫ్రేము కట్టించి మండీలో దేవుడి పటాల పక్కనే తగిలించినాడు. పొద్దున్నే అగరొత్తులు తిప్పేటప్పుడు దానికీ ఒక సుట్టు తిప్పుతాండాడని గుమాస్తా ఇంటికొచ్చి చెప్పిపోయినాడు.

దీపేమీ నీళ్ళు ఎరగని మనిషి కాదు. పెద్దపంజాణి పక్కన పల్లెలో పుట్టింది. ఆరేండ్లప్పుడు వాళ్ళ నాయన రెడ్డెప్ప ఆ పిల్ల నడుముకు నీళ్ళలో తేలే బెండ్లు కట్టి పొలంలోని కపిల బావిలోకి తోసినాడు. నెల తిరిగేలోగా బెండ్లు విప్పేసి, బావిలోకి పొడుచుకొచ్చిన కపిల బండ మీద నుంచి దూకేది. ఒకప్పుడు ఎద్దులను కట్టి తోలుతిత్తితో నీళ్ళు తోడేటప్పుడు ఆ తిత్తి వచ్చి ఆనేది ఆ బండకే. ఇన్ని ఎరిగిన పిల్ల, పెండ్లయి వచ్చినాక తొమ్మిదేండ్లలో మోకాలు తడిసే నీళ్ళలోకి కూడా దిగలేదు. అత్త శాంతమ్మకు కోడలు ఈత కొట్టడం ఇష్టం లేదు. యాల అని అడిగితే, ఇష్టం లేదంతే.

ఇట్లుండగా, పద్దెనిమిదేండ్లు ఎండిపోయి కంపచెట్లు మొలిచిన దీప పుట్టినూరి చెరువు వానలకు నిండింది. నిండి, మిగులు నీళ్ళు మరవ మీద పొర్లి కూడా పోయినాయి. చెరువు అంచునుండే రెడ్డెప్ప పొలమూ, పొలంలోని బావీ రెండు నిలువుల నీళ్ళ కింద పడినాయి. ఊరోళ్ళు సంబరంగా కోళ్ళు కోసుకొన్నారు. దీపను మాత్రం ఒకటే ఆశ పట్టుకొంది. ఆ బావిలోకి ఇంకొక్కసారి దిగాల, దాని రాళ్ళను చేత్తో తడమాల. పైన నీళ్ళుంటే ఏమి, మునగను రాదా తనకు? ఒక దినం అన్నం వడ్డిస్తా ఉండి, మనసు ఆగక మొగుడితో ఈ మాట అనేసింది. అదే ఆమె చేసిన తప్పు.

వరుణ్ అన్నం నమలడం కూడా మరిచిపోయినాడు. మర్నాటికి ఫోనులో ఒక ప్రకటన బొమ్మ తయారయింది. మునిగిన పురాతన బావిలో స్కూబా డైవింగు, చెరువు ఒడ్డున క్యాంపింగు, కనిపెట్టినవాడు వరుణ్. కనిపెట్టినాడంట. రెడ్డెప్ప తాత రాయి రాయి పేర్చి కట్టిన బావిని ఈయన మండీలో కూర్చొని కనిపెట్టినాడు. పుంగనూరులో మందుల షాపుండే సాయిప్రసాద్ పెండ్లాం సుష్మతో వస్తానన్నాడు. కుప్పం నుంచి కుప్పుస్వామి అనే ట్రైనరును పిలిపించినారు. ఆయన తెచ్చేది నాలుగు సిలిండర్లు, నాలుగు జాకెట్లు. మొగోళ్ళు ముగ్గురు. సుష్మకు నీళ్ళంటే భయం. ఇంక నాలుగోది ఎవరికని దీప అడిగితే, వరుణ్ ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసినంత పని చేసినాడు.

"నాలుగోది నీదే దీపా. మీ బావి నువ్వు సూడకుంటే ఎట్లా?"

ఆ మాట మీదనే ఆమె బయల్దేరింది. అత్తకు మాత్రం పుట్టింటికి పోతాండానని చెప్పింది.

శనివారం పొద్దుగూకే ముందు రెండు కార్లు చెరువు కాడికి చేరినాయి. టెంట్లకు చదును జాగా వెతికి వెతికి, ఊరి బర్రెలు నీళ్ళకు దిగే దోవలోనే వేసినారు. ఆ జాగా అంత చదునుగా యాల ఉండాదో ఆలోచించే బుద్ధి ఒక్కరికీ పుట్టలేదు. దీప చెప్పింది. ప్రకృతిలోకి వచ్చినాక ఇవన్నీ పట్టించుకోకూడదు వదినా అని సాయిప్రసాద్ పెద్ద జ్ఞానిలా నవ్వినాడు. తెల్లారి ఇరవై బర్రెలొచ్చి ఆయన టెంటు సుట్టూ నిలబడినాయి. ఒకటి ఆ గుడ్డకు వీపు రుద్దుకొనింది. జ్ఞాని లుంగీ ఒక చేతా ఫోను ఒక చేతా పట్టుకొని కారులో దూరినాడు.

ఇంక ముందు రాత్రి వంట. కట్టెల మంట మీద సొంతంగా వండుకొని తింటామని వారం దినాలుగా ఊదరగొట్టిన మొగోళ్ళు ఒక అగ్గిపెట్టె ఖాళీ చేసి, పొగకు కండ్లు నలుపుకొంటా కూర్చున్నారు. ఆఖరికి కారులో నుంచి గ్యాసు స్టవ్వు దిగింది. సంగటి కెలికింది దీప, కోడిపులుసు చేసింది దీప. చెరువుగాలికి నీ చేతి పులుసు అమృతమని పొగిడి పొగిడి గిన్నె అడుగంటా నాకినారు. ఆ గిన్నె తోమింది కూడా దీపే. పోనీలే, తెల్లారితే నా బావి నాకుండాది అనుకొని ఓర్చుకొనింది.

పొద్దున కుప్పుస్వామి చెరువులోకి చూసి ముఖం ముడుచుకొన్నాడు. ఆయన సముద్రం మనిషి. ఇది ఎర్రమట్టి కలిసిన నీళ్ళు, మోచేయి ముంచితే వేళ్ళు కనపడవు. వద్దనే మాట నోటిదాకా వచ్చింది కానీ, వరుణ్ అప్పటికే నల్ల రబ్బరు డ్రస్సు తొడుక్కొని, పొట్ట లోపలికి పీల్చి ఫోటోకు నిలబడి ఉండాడు.

చేపలోళ్ళ దగ్గర అడిగి తెచ్చిన పుట్టిని, అదే బుట్టపడవను, దీపే గెడతో తోసుకొంటా పోయి బావి గుర్తు చూపించింది. గట్టు మీది కానుగ చెట్టుకూ, గుట్ట మీది నల్లబండకూ సూటిగా వచ్చే జాగా. కుప్పుస్వామి తాడుకు రాయి కట్టి వదిలితే రెండు నిలువుల్లో నేల తగిలింది. దీప ఇంకో బారెడు తూర్పుకు జరపమనింది. జరిపితే తాడు పోతానే ఉండాది, ఐదు నిలువులు పోయింది. పైకొసకు ఖాళీ క్యాను కట్టి తేలేసినారు. అప్పుడామె అందరూ వినేటట్టు చెప్పింది. మెట్లు తూర్పు పక్క ఉండాయి, దిగినా ఎక్కినా ఆ పక్కనే. దక్షిణం పక్కకు పోవద్దు, ఆడ కపిల బండ లోపలికి పొడుచుకొని ఉండాది, దాని కింద చిక్కుకొంటే పైకి దోవుండదు. కుప్పుస్వామి తల ఊపినాడు. వరుణ్ మాత్రం సాయిప్రసాద్‌ను మోచేత్తో పొడిచినాడు. బెండ్లు కట్టుకొని నేర్చుకొనేది వేరంట, ఇది సైన్సంట. నీళ్ళ కింద దిక్కులెవరు చూస్తారు, పైకి రావాలంటే జాకెట్టులో గాలి నింపితే అదే లేపుతుందంట.

గట్టుకు తిరిగొచ్చి, దీపా కుప్పుస్వామీ పుట్టిని కట్టేసేలోగా నాలుగో జాకెట్టు సుష్మ ఒంటి మీద ఉండాది. నీళ్ళంటే భయమే కానీ రీలంటే భయం లేదు కదా ఆ తల్లికి. మోకాళ్ళ లోతులో నిలబడి, నోట్లో పెట్టుకొనేదాన్ని చేత్తో పట్టుకొని నవ్వుతాంది. అందులో నుంచి గాలి బుస్సుమని పోతాంది. ఇంకోటి, ఇంకోటి అని సాయిప్రసాద్ అన్ని పక్కల నుంచి తీస్తాండాడు. కుప్పుస్వామి పరిగెత్తి కట్టేసేటప్పటికి సిలిండరు గాలి ముల్లు సున్నా మీద నిలిచింది.

అయ్యో అక్కా, నాకు తెలియదు అనింది సుష్మ. తెలియదు, పాపం. వరుణ్ దీప ముఖం చూడకుండా వీపు మీద సిలిండరు సర్దుకొంటా, నువ్వు పుట్టిలో కూర్చొని వీడియో తియ్యి, పైనుంచి షాట్లు కూడా కావాల కదా అన్నాడు. నీ సిలిండరు ఇస్తావా అని ఆమె అడగలేదు. అడిగితే ఏం జవాబొస్తుందో తెలిసే అడగలేదు. తొమ్మిదేండ్ల కాపురానికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? ఫోను తీసుకొని పుట్టి ఎక్కింది. తన బావికి పైన కూర్చొని, అందులోకి పోయేవాళ్ళను ఫోనులో పట్టడం తన పని.

ముగ్గురూ తాడు పట్టుకొని మునిగినారు. సాయిప్రసాద్ నిమిషం తిరక్కుండా పైకొచ్చి పుట్టి అంచు పట్టుకొన్నాడు. ఏమీ కనపడలేదంట, చెవులు పగిలిపోతాండాయంట. ఇంకొంచెం సేపటికి కుప్పుస్వామి లేచినాడు. చుట్టూ చూసినాడు.

"సార్ తాడు వదిలేసినాడమ్మా. చెయ్యి అందలేదు."

మళ్ళీ మునిగినాడు, మళ్ళీ ఉత్త చేతులతో లేచినాడు. సాయిప్రసాద్ పుట్టిని పట్టుకొని దేవుళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టినాడు. దీప నీళ్ళ వైపే చూస్తాంది. బుడగలు తాడు కాడ లేవు. బారెడు దక్షిణంగా, రెండు పాయలుగా చీలి వస్తాండాయి. నడుమ అడ్డంగా ఏదో ఉంటేనే అట్లా చీలుతాయి. ఏముండాదో ఆమెకు తెలుసు. ఈయప్ప సైన్సు ప్రకారం జాకెట్టులో గాలి నింపుకొని, తిన్నగా పోయి కపిల బండకు కింద అంటుకొన్నాడు. ఎంత భయపడితే అంత గాలి నింపుతాడు, ఎంత నింపితే అంత గట్టిగా బండకు అంటుకొంటాడు.

చున్నీ తీసి పుట్టిలో పడేసి, గుండె నిండా గాలి పీల్చి దూకింది. తొమ్మిదేండ్లుగా నీళ్ళు ముట్టని ఒళ్ళు ఒక్క క్షణం బిగుసుకొని, ఆనక దానంతటదే పని మొదలుపెట్టింది. చీకటి. చేతికి బావి రాతి ఒర తగిలింది, ఒర పట్టుకొని పోతే బండ తగిలింది, బండ కింద చెయ్యి పెడితే రబ్బరు కాలు. ఆ కాలు ఆమె ముఖం మీద ఒక్క తన్ను తన్నింది. కిందికి లాగితే రాడని తెలుసు. వీపు బావిగోడకు ఆనించి, రెండు కాళ్ళతో ఆయన నడుము మీద తన్ని బలంకొద్దీ పక్కకు నెట్టింది. సిలిండరు బండకు గీసుకొంటా జరిగింది, జరిగింది, అంచు దాటింది. దాటంగానే మనిషి బెండులాగా పైకి ఎగిరిపోయినాడు. ఆమె వెనకాలే లేచింది.

అట్లయితే బావిలోకి దిగినట్టే కదా అని ఎవరైనా అనొచ్చు. మనిషి ప్రాణం పోతాంటే రాయి ఎట్లుండాదో ఎవురికి తెలుస్తుంది?

గట్టు మీద వరుణ్ నీళ్ళు కక్కినాడు, ఏడ్చినాడు, దీప చెయ్యి వదలకుండా పట్టుకొన్నాడు. అది అరగంట. ఆస్పత్రికి పోదాం సార్ అని కుప్పుస్వామి బతిమాలితే, నాకేమయింది అని చెయ్యి విదిలించినాడు. కాఫీ తాగినాడు. కాఫీ పడినాక ముఖానికి రంగొచ్చింది, రంగుతో పాటు గొంతూ వచ్చింది. జాకెట్టులో చిన్న ప్రాబ్లమంట, తాను కంగారు పడలేదంట, గాలి పొదుపు చేసుకొంటా కావాలనే కదలకుండా ఉండాడంట. సాయిప్రసాద్ ఫోను ఎత్తి పట్టుకొంటే, దాని ముందు కూర్చొని బావి లోపలి అందాలు కూడా వర్ణించినాడు. వేళ్ళు కనపడని నీళ్ళలో ఏ అందాలు చూసినాడో ఆ దేవుడికే ఎరుక. ఆ మాటల్లో దీప పేరు ఒక్కసారి వచ్చింది. పులుసు బాగా చేసిందని.

దీప రాయి మీద కూర్చొని, తన్ను తగిలి వాచిన పెదవిని వేలితో ఒత్తుకొంటాంది. ఫోను ఆపినాక వరుణ్ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించినాడు.

"తల ఆరబెట్టుకో. నువ్వు నీళ్ళలో దిగినావని అమ్మకు తెలియనీయొద్దు. వచ్చేసారి ఫస్ట్ టర్న్ నీకే ఇస్తాంలే."

ఆమె తలెత్తి ఆయన్ను చూసింది, ఆనక సాయిప్రసాద్‌ను, సుష్మను చూసింది. కోపంగా కాదు. మండీలో కుళ్ళిన కాయను ఏరి పక్కన పెట్టేటప్పుడు చూసినట్టు చూసింది.

"నా బావికి నాకు టర్న్ ఇచ్చేదానికి మీరెవురు?"

గట్టిగా కూడా అనలేదు. కుప్పుస్వామి మాత్రం విని, చేతిలోని గ్లాసు కింద పెట్టి లేచి నిలబడినాడు. సిలిండరు కావాలా అమ్మా, నా దాంట్లో ఇంకా కొంచెం గాలుండాది అని అడిగినాడు. అక్కర్లేదప్పా అనింది.

దీప పుట్టిని నీళ్ళలోకి తోసింది. క్యాను కాడికి పోయి, మెట్లుండే తూర్పు పక్కకు తిప్పి నిలిపింది. గట్టు మీద నుంచి వరుణ్, దీపా అని పేరు పెట్టి పిలిచినాడు. అందరి ముందరా పరువు పోతాందనో, నిజంగానే భయమేసిందో, రెండోసారి ఇంకా గట్టిగా పిలిచేదానికి నోరు తెరిచినాడు. అప్పటికి పుట్టిలో ఎవురూ లేరు.