ఇంకొకరి పాదాలు

శనివారం వచ్చిందంటే జైలు నర్సు ఇంట్లో పొద్దున్నే హడావుడి మొదలయ్యేది. వారం పొడుగునా ఆవిడ ఖైదీలకి బీపీ చూసి, మాత్రలు పంచి, కట్లు కట్టి ఇంటికొచ్చేది. శని, ఆదివారాలు మాత్రం యూనివర్సిటీకి వెళ్లి మానవ హక్కుల్లో పీజీ చేసేది. ఉద్యోగాలు చేసుకునేవాళ్ల కోసమే పెట్టిన కోర్సు అది. ఈ వయసులో చదువేమిటని ఆడపడుచు మూతి తిప్పింది. సిటీ బస్సు నడిపే భర్త మాత్రం, "పిల్లల్ని చదవమన్న చదువంతా వాళ్లమ్మ చదివేస్తోంది, మనకే లాభం" అని నవ్వి, ఆ రెండు రోజులూ వంట తన నెత్తినేసుకున్నాడు.

నర్సుకి ఒక గుణం ఉంది. దెబ్బలు తిన్న మనిషిని పట్టుకుంటే ఆ దెబ్బలు ఆవిడ ఒంటి మీదికీ వచ్చేవి. వాళ్లవి వాళ్లకే ఉండేవి, ఈవిడకి అలాంటివే మరి కొన్ని. నొప్పితో సహా. పైకి మానిపోయినవి కూడా కొట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే తేలేవి, మర్నాటికి మాసిపోయేవి. వాళ్లమ్మకీ ఇలాగే ఉండేదట. కొందరికి దుమ్ము పడనట్టు, కొందరికి ఎండ పడనట్టు ఈవిడకి ఇదొకటి అని అందరూ సరిపెట్టుకున్నారు. "గ్లవ్స్ వేసుకోమ్మా, ఎందుకొచ్చిన బాధ" అనేవాడు జైలు డాక్టరు. గ్లవ్స్ ఉంటే ఏమీ వచ్చేది కాదు. కానీ నాడి చూడ్డానికి రబ్బరు తొడుక్కోవడం ఆవిడకి మనస్కరించేది కాదు. సాయంత్రం గుమ్మంలో అడుగు పెట్టగానే భర్త మొహం చూసి, "ఇవాళ ఎవరివి?" అని అడిగి, కాపడానికి నీళ్లు పొయ్యి మీద పెట్టేవాడు.

క్లాసు పై అంతస్తులో. ఫ్యాను తిరిగితే పాఠం వినపడదు, ఆపితే ఉక్కపోత. ఒక బడిపంతులు, ఒక విలేఖరి, కార్మిక శాఖలో పనిచేసే ఆయన, ఒక పోలీసు ఇన్స్పెక్టరు, ఇంకొందరు. రిటైరైన జడ్జి ఒకావిడ పాఠం చెప్పేది. అందరూ పెద్ద మేడం అనేవారు. వారమంతా డ్యూటీలు చేసి వచ్చిన ఇన్స్పెక్టరు మొదటి రోజే కునుకు తీశాడు. పెద్ద మేడం పాఠం ఆపి, "విశ్రాంతి కూడా హక్కేనండీ, కానీ గురక వేరే సంగతి" అంది. ఆ రోజు నుంచీ అతను నర్సు పక్కన కూర్చునేవాడు, కళ్లు మూతలు పడితే మోచేత్తో పొడవమని.

ప్రాజెక్టుకి వాళ్లిద్దర్నీ జత చేశారు. అరెస్టయినవాళ్లకి చేసే వైద్య పరీక్షల మీద రాయాలి. అతను ఆవిడని అక్కా అని పిలిచేవాడు. "అక్కా, నా స్టేషన్లో ఎవడి మీదా చెయ్యి పడదు. ఆ విషయంలో నేను చాలా గట్టి" అని ఒకసారి చెప్పాడు. చెప్పినప్పుడు అతని మొహంలో దాపరికం లేదు. ఆవిడ నమ్మింది.

ఒకరోజు వేరే జైలు నుంచి ఒకామెని మార్చి తీసుకొచ్చారు. ఎవరింట్లోనో పనిచేసేది. ఆ ఇంట్లో గొలుసు పోయింది. తీశానని స్టేషన్లో ఒప్పుకుందట. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. పేరు అడిగినా గోడ వైపే చూసేది. డాక్టరు చేతులూ వీపూ చూసి, "గాయాలేమీ లేవు" అని రాసేశాడు.

నర్సు నాడి చూద్దామని ఆమె మణికట్టు పట్టుకుంది. అంతే, కాళ్ల కింద నిప్పులు పోసినట్టయి బల్ల మీద కూలబడింది. చెప్పులు విప్పితే రెండు అరికాళ్లూ కమిలి నల్లగా ఉబ్బి ఉన్నాయి.

డాక్టరు వంగి చూశాడు. ఆమె అరికాళ్లూ చూశాడు, అవి ఎప్పుడో మానిపోయి ఉన్నాయి. "లాఠీ దెబ్బలు. నువ్వు నడవకు, సాయంత్రం జీపులో దింపమంటాను" అన్నాడు.

"రాయరా సార్?"

"ఏమని రాయనమ్మా? నేను పరీక్ష చేసింది ఆమెని. నిన్ను కాదుగా."

ఆమె మాత్రం గోడ వైపు తిరిగి కూర్చుంది. ఇటు చూడలేదు.

ఇంటి దగ్గర భర్త కాపడం పెడుతూ, "అరికాళ్ల మీద కొట్టారంటే బయటికి తెలియకూడదని కొట్టారు" అన్నాడు. "ఏ స్టేషను?"

"మా క్లాసు తమ్ముడిది," అంది నర్సు. అతను గుడ్డ తడిపి పిండి మళ్లీ వేశాడు.

శనివారం క్లాసులో సాక్ష్యాల గురించి పాఠం. నర్సు లేచి నిలబడింది. "మేడం, దెబ్బలు తిన్న మనిషి నోరు విప్పకపోతే ఏం చెయ్యాలి?"

"ఎందుకు విప్పట్లేదో ఆలోచించాలి. చెప్పినా ఎవరూ నమ్మరని ఒకసారి తెలిసొస్తే ఎవరు చెప్తారు?" పెద్ద మేడం ఆవిడ వైపు తిరిగింది. "ఇన్నేళ్లుగా నీ ఒంటి మీదికి వస్తున్నాయి కదమ్మా. వచ్చినప్పుడు నువ్వేం చేశావు?"

"కాపడం పెట్టుకున్నాను మేడం."

"పెట్టుకో," అంది పెద్ద మేడం. "కానీ ముందు ఎవరికైనా చూపించు."

నర్సు కూర్చుంది. ఇన్నేళ్లలో తన ఒంటి మీదికొచ్చి వెళ్లిపోయిన వాతలూ బొప్పులూ అన్నీ గుర్తొచ్చాయి. చాలామంది మొహాలు గుర్తు రాలేదు. దెబ్బలు మాత్రం ఎక్కడెక్కడ తగిలాయో అన్నీ గుర్తున్నాయి. ఆ తర్వాత పాఠం ఏం చెప్పారో ఆవిడ చెవికెక్కలేదు.

క్లాసయ్యాక క్యాంటీన్లో ఇన్స్పెక్టరు రెండు టీలు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆవిడ అరికాళ్ల సంగతి చెప్పేసింది.

"ఎవరు చెప్పారక్కా నీకు?"

"ఎవరూ చెప్పలేదు తమ్ముడూ. నా కాళ్లకొచ్చాయి."

అతను టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. "ఆమెని పట్టుకొచ్చింది పోయిన నెలలో ఒక ఆదివారం," అన్నాడు. "ఆ ఆదివారం నేను ఇక్కడున్నాను. నీ పక్కనే కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను."

"వచ్చే వారం కేసు ఉంది. కోర్టులో నేను చెప్తాను."

"నీ ఉద్యోగం పోతుందక్కా. నాది ఎటూ పోతుంది."

"పోవచ్చు."

అతను టీ తాగకుండానే లేచి వెళ్లిపోయాడు. మర్నాడు క్లాసుకి రాలేదు.

కేసు రోజున నర్సు ఇంటి దగ్గరే గ్లవ్స్ వేసుకుని కోర్టుకి బయల్దేరింది. ముద్దాయి తరఫున వాదించడానికి ప్రభుత్వం పెట్టిన కుర్ర వకీలు సంగతంతా ముందే విని ఉన్నాడు. నర్సుని సాక్షిగా పిలిచాడు. అవతలి వకీలు లేచాడు. "ఈవిడ రోజూ ఎంతోమందిని ముట్టుకుంటుంది. వచ్చిన దెబ్బలు ముద్దాయివేనని ఏమిటి నమ్మకం?"

"పొద్దున్నుంచీ ఇవి తియ్యలేదండీ," అంది నర్సు. గ్లవ్స్ తీసి బోను అంచు మీద పెట్టింది. చెప్పులు విప్పి అరికాళ్లు మేజిస్ట్రేటుకి చూపించింది. శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు వెళ్లి ముద్దాయి పక్కన కుర్చీలో కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

ఈసారి నర్సు పడిపోకుండా కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. పంటి బిగువున కాళ్లు ముందుకు చాపింది. అరికాళ్లు మెల్లగా ఎర్రబడి, కమిలి, నల్లగా ఉబ్బాయి. మేజిస్ట్రేటు తన కుర్చీ దిగి వచ్చి, కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు. ఎక్కడో టైపు మిషను చప్పుడు ఆగిపోయింది.

ఆమె కూడా చూసింది. ఇన్నాళ్లూ గోడని చూసిన కళ్లు ఆ పాదాల మీద నిలబడిపోయాయి. తనవి ఆమె ఎప్పుడూ చూసుకోలేదు. కొట్టేటప్పుడు బల్లకి బోర్లా పడుకోబెట్టి కట్టేశారు. తర్వాత చూసుకోవాలనిపించలేదు.

"ఇలా ఉన్నాయా?" అంది.

గొంతు వాడక తుప్పు పట్టినట్టుంది. మేజిస్ట్రేటు తిరిగి చూశాడు. "చెప్పమ్మా."

"గొలుసు నేను చూడను కూడా లేదయ్యా. తీశానని చెప్పు, ఆపేస్తాం అన్నారు. తీశానన్నాను. అయినా కాసేపటిదాకా ఆపలేదు." అంతవరకూ చెప్పి నర్సు చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. తర్వాత మెల్లమెల్లగా అంతా చెప్పింది. ఎవరు కట్టారో, ఎవరు కొట్టారో, ఎవరు తలుపు దగ్గర నిలబడ్డారో.

మేజిస్ట్రేటు పోలీసుల బెంచీ వైపు చూశాడు. "స్టేషను అధికారి ఏమంటారు?"

ఇన్స్పెక్టరు లేచాడు. టోపీ చంకలో పెట్టుకున్నాడు. నర్సు కాళ్ల వైపు చూశాడు. "నా స్టేషన్లోనే జరిగింది సార్. నేను అడగాల్సింది, అడగలేదు. ఆమె చెప్పిన పేర్లు నిజమే. నేనే రాసిస్తాను."

మధ్యాహ్నానికి ఆమెని వదిలేశారు. ఒప్పుకోలు చెల్లదన్నారు, విచారణకి ఉత్తర్వులిచ్చారు.

వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డ నర్సు దగ్గరికి ఇన్స్పెక్టరు వచ్చాడు. మొహం వడిలిపోయి ఉంది. "శనివారం వస్తావా అక్కా?"

"వస్తాను. నువ్వు?"

"అది ఉద్యోగస్తుల కోర్సు కదా. ఉద్యోగం లేనివాణ్ని కూర్చోనిస్తారో లేదో."

"మనిద్దరిదీ అదే పరిస్థితి. పెద్ద మేడంని అడుగుదాం."

అతను తల ఊపి, మెట్లు దిగి జీపు వైపు కాకుండా రోడ్డు వైపు నడిచాడు.

నర్సు అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయింది. విడుదలైన ఆమె వచ్చి నర్సు చెయ్యి తన భుజం మీద వేసుకుంది. "మడమ మోపకమ్మా. పాదం పక్కకి వంచి నడువు. బరువు నా మీద వెయ్యి."

"నీకు భారం."

"నా కాళ్లు బాగానే ఉన్నాయిగా," అంది ఆమె. నాలుగడుగులు వేశాక, "ఎన్నాళ్లుంటాయి నీకు?" అని అడిగింది.

"రేపటికి పోతాయి."

"నాకు చాలా రోజులు పట్టింది," అంది ఆమె. అని, ఆ రోజులెలా గడిచాయో చెప్పడం మొదలుపెట్టింది. రాత్రుళ్లు కాళ్లు ఎలా గుంజేవో, చన్నీళ్ల కోసం కుండ దగ్గరికి ఎలా పాక్కుంటూ వెళ్లేదో, కూతురు చూడ్డానికి వస్తే నవ్వాలని ఎంత ప్రయత్నించేదో. ఆ తర్వాత కూతురి గురించి, అది పోగొట్టుకున్న చెప్పుల గురించి, అద్దె గదిలో కారే పైకప్పు గురించి. నర్సు ఊ కొడుతూ, పాదం పక్కకి వంచి, ఆమె మీద ఆనుకుని నడిచింది. బస్సు స్టాపు దాకా వచ్చారు. బస్సు వచ్చి ఎదురుగా ఆగి, కండక్టరు ఎక్కమని పిలుస్తున్నా ఆమె ఇంకా చెబుతూనే ఉంది. నర్సు బస్సుని పోనిచ్చి, బెంచీ మీద ఆమె పక్కన కూర్చుంది.