పక్క తెరలు ఎత్తొద్దన్న రోజు

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి మేనేజరు గారు మా అమ్మాయి దగ్గరికి వచ్చి, ఈ పూట గ్రీన్‌హౌస్ పక్క తెరలు ఎత్తొద్దని చెప్పారు. ఆ మాట వినగానే నేను తలెత్తి ఎండ వైపు చూశాను.

మేమిద్దరం పనిచేసేది నారు పెంచి అమ్మే తోటలో. నేను ట్రేలలో కొబ్బరి పొట్టు నింపే కూలీని. మా అమ్మాయి గ్రీన్‌హౌస్ చూసుకుంటుంది. పేరు గొప్పగా ఉంటుంది గానీ, అది ఇనప కమ్మీల మీద తెల్లటి ప్లాస్టిక్ కప్పిన పొడవాటి గది, అంతే. ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. అందుకే రెండు పక్కలా చుట్టచుట్టి పైకి లేపే తెరలుంటాయి. హ్యాండిల్ తిప్పితే తెర లేస్తుంది, గాలి ఆడుతుంది, నారు బతుకుతుంది. పొద్దున్న తొమ్మిదయ్యిందంటే తిప్పి తీరాలి. ఏడో తరగతితో చదువాపేసిన నాకే తెలిసిన సంగతి ఇది.

అప్పుడు లోపల రెండొందల ట్రేల టమాటా నారు ఉంది. ఇరవై రెండు రోజుల నారు, శుక్రవారం బయటికి వెళ్లాలి. మా అమ్మాయిని ఆరు నెలలు పని చూసి తీసుకుంటామన్నారు. ఇదే ఆఖరి విడత. నూటికి ఐదు మొక్కలకు మించి పోతే ఇంటికి పొమ్మంటారు. ఇంతకు ముందున్న పిల్లకు ఏడు పోయాయి. ఆ పిల్ల టోపీ ఇంకా మేకుకు వేలాడుతోంది. అటు చూడకూడదనుకుంటూనే రోజూ చూస్తాను.

"ఎందుకు సార్ ఎత్తకూడదు?" అని మా అమ్మాయి అడిగింది.

"భూమి వేడెక్కడం మీద ఇవాళ సదస్సు. ఇక్కడే, లోపలే. నలభై మంది వస్తున్నారు. హరితగృహ ప్రభావం అని కాగితం మీద చదివితే ఎవరికి ఎక్కుతుందమ్మా? పెద్దాయన అడుగు పెట్టగానే ఒళ్లు చుర్రుమనాలి!"

పెద్దాయన అంటే మా తోటను నడిపే శాఖకు పెద్ద. పదింటికి వస్తారట.

"పదీ పదికల్లా ఎత్తేయనా సార్?"

"ఆయన వచ్చి, చెమట తుడుచుకుని, అబ్బో అనగానే ఎత్తెయ్."

"ఆయన ఆలస్యమైతే?" అన్నాను నేను.

మేనేజరు గారు నవ్వారు. "మోగింది సైరన్!"

తోటలో నన్నందరూ సైరన్ అంటారు. నిచ్చెన ఎక్కినవాళ్లను చూస్తే పడతారంటానని, తీగ పట్టుకున్నవాళ్లను చూస్తే షాక్ కొడుతుందంటానని. నిజమే, అంటాను. వాన వస్తే పిడుగు గుర్తొస్తుంది, రాకపోతే కరువు గుర్తొస్తుంది. నా బుర్ర అంతే, ఏం చెయ్యను?

"నువ్వూరుకో అమ్మా. ఆయన వస్తానన్నాక రాకుండా ఉంటారా?" అని మా అమ్మాయి విసుక్కుంది. అప్పటిదాకా నా భయాలకు నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

పోనీ ట్రేలన్నా బయట పెడదామంటే, మేనేజరు గారు ఫొటోలో పచ్చగా కనబడేదేముంటుందన్నారు. నీటి తుంపర్లు చల్లే పైపులు కూడా కట్టేయించారు. వచ్చేవాళ్ల బట్టలు తడుస్తాయట.

పదింటికి నలభై మందీ వచ్చారు, పెద్దాయన తప్ప. ట్రేల మధ్య కుర్చీల్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. తలా రెండు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పంచాం. బయట పదకొండు కార్లు ఇంజన్లు ఆపకుండా బుస్సుమంటూ నిలబడ్డాయి. ఎందుకయ్యా ఆపలేదని ఒక డ్రైవర్ని అడిగాను. "సార్లు లోపల ఉడికిపోయి వస్తారు కదమ్మా, సీట్లు చల్లగా ఉండొద్దూ?" అన్నాడు.

పెద్దాయన వచ్చేలోగా, సదస్సుకు పిలిపించిన నిపుణుడు గారు మైకు అందుకున్నారు. అబద్ధమెందుకు, బాగానే చెప్పారు. బొగ్గూ పెట్రోలూ కాల్చినప్పుడు వచ్చే వాయువులు భూమి చుట్టూ దుప్పటిలా కమ్ముకుంటాయట. ఎండ లోపలికి వస్తుందట, వేడి మాత్రం వెనక్కి పోలేకపోతుందట. మంచు కరుగుతుందట, సముద్రం పొంగుతుందట. మామూలుగా అయితే సముద్రం అనగానే నేను సామాన్లు సర్దుకునేదాన్ని. ఆ రోజు మాత్రం నా కళ్లు మధ్య కమ్మీకి వేలాడే థర్మామీటర్ మీదే ఉన్నాయి. ముప్పై ఎనిమిది.

"దీన్ని నెమ్మదింపజెయ్యాలంటే ఏం చెయ్యాలండీ?" కోటు వేసుకున్న ఆయన అడిగాడు.

"చక్కటి ప్రశ్న. ఎండతో, గాలితో కరెంటు తయారుచేసుకోవాలి. అడవులు కొట్టకూడదు. దగ్గరి దూరాలు నడిచి వెళ్లాలి. తిండి పారెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆలస్యం చెయ్యకూడదు."

అందరూ రాసుకున్నారు. కోటాయన "ఆలస్యం" కింద రెండు గీతలు గీశాడు. నలభై ఒకటి.

పదకొండింటికి కబురొచ్చింది, పెద్దాయన ఇప్పుడే బయల్దేరబోతున్నారని. మధ్య వరసల్లో నారు తలలు వాల్చేసింది. మా అమ్మాయి వంగి ఒక ఆకును వేలితో ఎత్తింది. వదలగానే అది తడిగుడ్డ ముక్కలా పడిపోయింది. పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను. "అయ్యా, ఆ తెర కాస్త ఎత్తితే వేడి బయటికి పోతుంది కదా?"

నిపుణుడు గారి మొహం వెలిగిపోయింది. "చూశారా! సామాన్యులు కూడా ఆలోచిస్తున్నారు. దీన్ని చర్చకు పెడదాం."

చర్చ మొదలైంది.

"మా వైపు ఎత్తితే ఎండ సూటిగా మా మొహాన కొడుతుంది. ముందు వాళ్ల వైపు ఎత్తమనండి," అన్నారు తూర్పు పక్కవాళ్లు.

"భలేవారండీ! మీరు ఇరవై ఐదు మంది, మేం పదిహేను మందిమి. పొద్దున్నుంచీ ఎక్కువ ఊపిరి వదిలింది మీరే కదా, మీరే ముందు ఎత్తాలి," అన్నారు పడమటి పక్కవాళ్లు.

"అసలంత వేడెక్కడుందండీ? కొందరికి గోరంత ఉంటే కొండంత చెయ్యడం అలవాటు," అన్నాడు తలుపు దగ్గర కూర్చున్నాయన. తలుపు సందులోంచి గాలంతా ఆయన మెడకే తగులుతోంది.

మధ్య వరసలో ఒకావిడ మాట రాక, నీళ్లు కావాలని చెయ్యి ఎత్తింది. తెర ఎత్తడానికి మద్దతు అని రాసుకున్నారు.

ఆఖరికి తీర్మానం కుదిరింది. పన్నెండింటికి జానెడు, ఒంటిగంటకు మరో జానెడు, పొద్దుగూకే లోపల తెర పూర్తిగా ఎత్తడం. అందరూ చప్పట్లు కొట్టారు. నలభై ఆరు.

మా అమ్మాయి మెల్లగా వెళ్లి హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. మేనేజరు గారు ఒక్క ఉదుటున వెనకే వెళ్లారు. గొంతు తగ్గించారు గానీ నాకు వినబడింది. "ఆరు నెలలు ఆగావు, ఆరు నిమిషాలు ఆగలేవా? నా మాట కాదని తిప్పావంటే రేపు రానక్కర్లేదు."

"నారు పోతే మాత్రం రానిస్తారా సార్?"

ఆయన వాచీ చూసుకున్నారు. పిల్ల చెయ్యి తీసేసింది.

తిప్పితే ఉద్యోగం పోతుంది, తిప్పకపోయినా పోతుంది. నేను రోజుకూలీని, ఏ రోజుకారోజు పోయే ఉద్యోగమే నాది. ఆ హ్యాండిల్ను నేను అంతకు ముందు ఎప్పుడూ ముట్టుకోలేదు. పళ్లచక్రంలో వేళ్లు నలిగిపోతాయని నా భయం. కళ్లు మూసుకుని పట్టుకున్నాను. కరకరమంటూ తిరిగింది. రెండు చుట్లు, పది చుట్లు, ముప్పై చుట్లు. ఎవరో "తీర్మానం ప్రకారం జానెడే!" అని అరిచారు. నేను ఆపలేదు. అది చూసి మా అమ్మాయి అవతలి పక్కకు పరుగెత్తి, ఆ తెరా ఎత్తేసింది. గాలి దూసుకొచ్చి కాగితాలన్నీ ఎగరగొట్టింది. తూర్పువాళ్లూ పడమరవాళ్లూ ఒకేసారి "హమ్మయ్య" అన్నారు.

పావుగంటకు పెద్దాయన దిగారు. లోపలికొచ్చి చుట్టూ చూశారు. "హాయిగా ఉందే! ఉక్కపోస్తుందని భయపెట్టారేం?"

మేనేజరు గారు గబగబా వచ్చి నాకు అడ్డంగా నిలబడ్డారు. నిపుణుడు గారు మాత్రం క్షణం తడబడలేదు. "ఇందాక నలభై ఆరు సార్, ఇప్పుడు ముప్పై ఐదు. ఒక్క చర్చతో పదకొండు డిగ్రీలు దించాం."

"ప్రపంచం చెయ్యలేనిది మీరు ఒక్క పూటలో చేశారు!" అని పెద్దాయన ఆయన భుజం తట్టారు. ఫొటోలు తీసుకున్నారు. వాలిపోయిన ట్రేలు కనబడకుండా వాటి ముందు నిలబడ్డారు.

కార్లు వెళ్లాక మేమిద్దరం చీకటిపడేదాకా నీళ్లు చల్లాం. కొన్ని తేరుకున్నాయి. ముప్పై ఒక్క ట్రేలు తేరుకోలేదు. నూటికి పదిహేను పైనే. రాత్రి మా అమ్మాయి అన్నం ముట్టలేదు. దాని టోపీ కూడా ఆ మేకుకే వేలాడుతున్నట్టు నాకు కనబడుతూనే ఉంది.

శుక్రవారం మేనేజరు గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు. ముందు నాకొక కాగితం ఇచ్చారు, అనుమతి లేకుండా హ్యాండిల్ ముట్టుకోకూడదని. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి నవ్వారు.

"నీ ఉద్యోగం పర్మినెంట్! పెద్దాయనకు మన కార్యక్రమం తెగ నచ్చేసింది. ఇక నుంచి ప్రతి మంగళవారం ఒక బృందం వస్తుంది. తెరలు మూసి ఉంచి, చర్చ పూర్తయ్యాక ఎత్తడం నీ పని."

"పోయిన నారు సార్?"

"నష్టం కింద రాయలేదులే. ప్రదర్శనకు వాడిన సామగ్రి అని రాశాను. వారం వారం కొత్త నారు పెట్టుకో. ఇదిగో, ఇక్కడ సంతకం."

నేనైతే ఆ క్షణమే సంతకం పెట్టెయ్ తల్లీ అనబోయాను. ఉద్యోగం కదా! మా అమ్మాయి కలం తీసుకుని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది.

"వచ్చేవాళ్లు ఆలస్యమైతే ఎన్నింటికి ఎత్తాలో ఇందులో లేదు సార్."

మేనేజరు గారు తల పట్టుకున్నారు. "నువ్వూ మీ అమ్మలాగే తయారయ్యావేంటమ్మా?"

"అవును సార్. ఎన్నింటికో రాయండి, సంతకం పెడతాను."

పైవాళ్లను అడిగి చెబుతానన్నారు. పైవాళ్లు దానికో కమిటీ వేశారని విన్నాం. కాగితం ఇంకా ఆయన బల్ల మీదే ఉంది. ఉద్యోగం ఉందో లేదో ఎవరూ చెప్పడం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. మా అమ్మాయి మాత్రం, మంగళవారాలతో సహా, రోజూ తొమ్మిదింటికి తెరలు ఎత్తేస్తోంది.