ఆరబెట్టడానికి నీళ్ళెందుకు

పాత వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిందే, దాని మరుసటి ఏడు జరిగింది ఇది. ఆ వరదకు పైపుల మేస్త్రీ ఇంట్లో కిటికీ చువ్వల దాకా నీళ్ళు నిలిచాయి. బురద ఎత్తిపోయడానికి ఇరవై రోజులు పట్టింది. అప్పటినుంచి నేల మీద చుక్క నీరు కనబడితే చాలు, ఆయనకు ఒళ్ళు జలదరించేది.

నలభై ఏళ్ళు పైపులు బిగించిన మనిషి. మాట మాత్రం ముక్తసరి. "మేస్త్రీ నోరూ కుళాయే, గట్టిగా కట్టేసుంటుంది" అని తోటివాళ్ళు నవ్వుకునేవారు.

వరదలో బట్టలుతికే పాత మిషను పోయాక కోడలు కొత్తది తెచ్చింది. ఉతికేదీ అదే, ఆరబెట్టేదీ అదే. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఉన్నవి రెండు తెల్ల కోట్లు. కొడుకు లారీ తోలుతూ నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. పైగా ముసురు రోజులు, దండెం మీద వేసినవి మూడు రోజులకు కూడా ఆరవు.

మిషను ఉతకడం బాగానే ఉతికేది. ఆరబెట్టడమే చేతకాలేదు. మూడు గంటలు గిర్రున తిరిగాక తలుపు తీస్తే బట్టలు జ్వరం దిగిన పిల్లాడి ఒంటిలా వెచ్చగా, చెమటగా తగిలేవి.

కోడలు చెయ్యని పని లేదు. బట్టల నూగు పట్టే జల్లెడ కడిగింది. వెనక గొట్టం మడత పడిందేమోనని సరిచేసింది. చివరికి తడి కోటునే ఇస్త్రీ చేసి చేసి ఇస్త్రీపెట్టె తీగ కూడా కాల్చుకుంది.

"గంపెడు కుక్కితే ఏ మిషను ఆరబెడుతుంది?" అన్నాడు మేస్త్రీ ఒకరోజు.

"రెండు కోట్లూ ఒక తువ్వాలూ మావయ్యగారూ! ఇది గంపెడా? ఇంతకంటే తక్కువ వేస్తే వట్టి గాలిని ఉతికినట్టే!"

మేస్త్రీ పని మేస్త్రీది. ఉతికే ముందు మిషను వెనకాల కుళాయి తిప్పేవాడు. ఉతికిన నీళ్ళు గుడగుడమని దిగిపోగానే కట్టేసేవాడు. పని అయ్యాక కుళాయి కట్టెయ్యాలి, లేకపోతే గొట్టం పగిలి ఇల్లు చెరువవుతుంది. ఇంటింటికీ ఆయన చెప్పుకొచ్చిన ఒకే ఒక్క నీతి అది.

మెకానిక్ రెండుసార్లు వచ్చాడు. పరాయివాడు తన కుళాయి మీద చెయ్యి వేస్తే చూడలేక మేస్త్రీ రెండుసార్లూ వీధి మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు. మెకానిక్ ఒకసారి హీటరు మార్చాడు, ఒకసారి మోటారు విప్పి బిగించాడు. తువ్వాలు తడిపి వేస్తే రెండుసార్లూ ఎండుటాకులా బయటికొచ్చింది.

"నేనుంటే ఆరుతుంది, నేను పోతే ఆరదు. దీనికి నా మీద మనసు పడిందేమో అక్కా" అన్నాడు రెండోసారి వచ్చినప్పుడు.

"అంత ప్రేమైతే నీ వెంటే తీసుకుపో తమ్ముడూ! నా ప్రాణం విసిగిపోయింది. పెద్ద నర్సు ఆఖరిమాట చెప్పేసింది. ఇంకొక్కసారి తడి కోటుతో వెళ్తే నా ఉద్యోగం ఊడినట్టే. మా మావయ్యగారేమో నేనే గంపెడు కుక్కుతున్నానంటారు."

"రేపు సాయంత్రం ఉతికేవేళకే వస్తా. మొదట్నుంచి చివరిదాకా దీని ముందే కూర్చుంటా."

అన్నట్టే వచ్చి మిషను ముందు స్టూలు వేసుకున్నాడు. కోడలు ఇస్త్రీపెట్టెకు తీగ వేయించడానికి బజారు వెళ్ళింది. కాసేపటికి నీళ్ళు గుడగుడమన్నాయి. మేస్త్రీ అలవాటు కొద్దీ వచ్చాడు, వంగాడు, కుళాయి మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, ఏం చేస్తున్నారు?"

"కట్టేస్తున్నా. ఉతకడం అయిపోయిందిగా."

"రోజూ కట్టేస్తారా?"

"రోజూ."

మెకానిక్ తల రెండు చేతులతో పట్టుకున్నాడు. "మంచి హీటరు తీసేసి కొత్తది వేశాను. మోటారు పేగులన్నీ బయటపెట్టాను. ఆరబెట్టేటప్పుడు కూడా దీనికి నీళ్ళు కావాలి పెద్దాయనా!"

"ఆరబెట్టడానికి నీళ్ళెందుకు?"

"వేడికి తడంతా ఆవిరవుతుందా? ఆ ఆవిరి ఎటు పోవాలి? లోపల చన్నీళ్ళు తగిలితేనే మళ్ళీ నీరై గొట్టంలోంచి బయటికి పోతుంది. లేదంటే అక్కడక్కడే తిరిగి బట్టల్నే తడుపుతుంది. ఉడుకుతున్న గిన్నె మీద చల్లటి మూత పెడితే చెమట కారదా?"

మేస్త్రీ కుళాయి మళ్ళీ తెరిచి, పైపు మీద అరచెయ్యి ఆనించాడు. మిషను వేడిగా తిరుగుతోంది, పైపు మాత్రం చల్లగా సన్నగా వణుకుతోంది. నీళ్ళు పోతున్నాయి. మనుషులు అబద్ధం చెప్తారేమో గాని పైపు చెప్పదు.

మెకానిక్ వైపు తిరిగాడు. "అమ్మాయికి చెప్తావా?"

"నేనెందుకు చెప్తాను? గంపెడు కుక్కిందని అన్నది నేనా?"

కోడలు వచ్చేసరికి కోట్లు పెళపెళలాడుతున్నాయి. ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది. "ఏం చేశావు తమ్ముడూ?"

"చిన్న అడ్డుందక్కా, తొలగిపోయింది" అని మెకానిక్ సంచీ భుజాన వేసుకున్నాడు.

ఆ రాత్రి మేస్త్రీ రెండుసార్లు వంటగది గుమ్మం దాకా వచ్చాడు. రెండుసార్లూ గ్లాసుడు నీళ్ళు తాగి వెనక్కి పోయాడు.

మరునాడు పొద్దున కోడలు పొడి కోటు తొడుక్కుని బయల్దేరేవేళకు, ఆయన వరదలో తుప్పుపట్టిన రెంచి పట్టుకుని మిషను వెనకాల ఉన్నాడు. కుళాయి తెరిచే ఉంచి, దాని పిడి ఊడదీశాడు. గుమ్మం దగ్గరికి వచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏంటిది మావయ్యగారూ?"

"రోజూ నేనే కట్టేవాణ్ణి. నీ తప్పు లేదమ్మా" అని, ఆమె వేళ్ళు పిడి మీద మూసి, రెంచి తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.